విశ్వవిద్యాలయ విద్యార్థుల వ్యాయామం (రాయలసీమ)

'''విశ్వవిద్యాలయ విద్యార్థుల వ్యాయామం''' అనగా డిగ్రీ, ఇంజనీరింగు, స్నాతకోత్తర విద్య అభ్యసించే యువతీ యువకులు తమ దినచర్యలో భాగంగా చేసే శారీరక శ్రమ, ఆటలు, కసరత్తు, వాటికి తోడ్పడే ఆహార, విశ్రాంతి నియమాలు. సుమారు 17 నుండి 25 సంవత్సరాల మధ్య ఉండే ఈ దశలో బాల్యంలో సహజంగా సాగిన ఆటపాటలు తగ్గిపోతాయి. అప్పుడు ఏర్పడిన అలవాట్లు చాలామందిలో నడివయసు వరకు కొనసాగుతాయి. ఈ వ్యాసంలో రాయలసీమలోని పరిస్థితులు, ముఖ్యంగా చారిత్రకంగా కడప జిల్లాకు చెందిన ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట పరిసర గ్రామాల నుండి చదువుకు వెళ్ళే విద్యార్థుల పరిస్థితులు ఆధారంగా ఈ విషయం వివరించబడింది.

== నేపథ్యం ==

మంగంపేట ముగ్గురాయి గనులకు ప్రసిద్ధి చెందిన గ్రామం. ఒకేచోట లభించే ముగ్గురాయి నిక్షేపాలలో ప్రపంచంలోనే అతి పెద్దవిగా వీటిని పేర్కొంటారు. ఈ గనులను ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ నిర్వహిస్తుంది. గనులు, ముగ్గురాయి పిండి మిల్లులు, లారీ రవాణా, మామిడి, అరటి, బొప్పాయి తోటలు ఈ ప్రాంత ప్రజల ప్రధాన జీవనాధారాలు. ఇక్కడి విద్యార్థులు ఉన్నత విద్యకై సాధారణంగా రాజంపేట, రైల్వే కోడూరు, కడప, తిరుపతి పట్టణాలకు వెళ్తారు. కొందరు రోజూ బస్సులోనో రైలులోనో వెళ్ళి వస్తారు, మరికొందరు వసతి గృహాలలో ఉంటారు.

ఈ గ్రామాల పిల్లలకు పాఠశాల దశలో వ్యాయామం అనే ప్రత్యేక కార్యక్రమం అవసరం ఉండదు. బడికి నడక, చెరువులో ఈత, తోటలో నీరు కట్టడం, కాయలు మోయడం, సాయంత్రం చెడుగుడు లేదా వాలీబాల్ ఆట - ఇవన్నీ శరీరానికి తగినంత శ్రమ కలిగిస్తాయి. ఇంటర్మీడియట్‌లో చేరిన తరువాత ఈ పరిస్థితి మారుతుంది. ఆటస్థలం లేని భవనాలలో ఉదయం నుండి రాత్రి వరకు సాగే తరగతులు, స్టడీ అవర్లు రెండు సంవత్సరాల పాటు విద్యార్థిని కుర్చీకి పరిమితం చేస్తాయి. తరువాత విశ్వవిద్యాలయంలో సమయం, మైదానం రెండూ లభించినా, అప్పటికే కదలిక లేని జీవనం అలవాటై ఉంటుంది. చరవాణి, కంప్యూటర్ ముందు గడిపే సమయం దీనికి తోడవుతుంది.

అందుచేత ఈ దశలో వ్యాయామాన్ని కొత్తగా నేర్చుకోవడం కంటే, దినచర్య నుండి జారిపోయిన శ్రమను తిరిగి దినచర్యలోకి తెచ్చుకోవడమే ప్రధానమైన పనిగా చెప్పవచ్చు.

== శాస్త్రీయ పరిశోధనలు ==

శారీరక శ్రమకు, గుండె ఆరోగ్యానికి గల సంబంధాన్ని మొదట స్పష్టంగా చూపినవారిలో బ్రిటిష్ వైద్యుడు జెరెమీ మోరిస్ ప్రముఖుడు. ఆయన బృందం లండన్ నగరంలోని రెండంతస్తుల బస్సుల సిబ్బందిపై చేసిన అధ్యయనం 1953 లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైంది. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, టికెట్ల కోసం రోజంతా మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉన్నట్లు ఇందులో తేలింది.

విద్యార్థులకు నేరుగా సంబంధించిన అధ్యయనం అమెరికాకు చెందిన రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ చేసినది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివిన 16,936 మంది పూర్వ విద్యార్థుల ఆరోగ్య వివరాలను ఆయన బృందం పరిశీలించి 1978 లో ఫలితాలు ప్రకటించింది. వారానికి 2,000 కిలోకాలరీల కంటే తక్కువ శ్రమ చేసేవారికి, అంతకు మించి చేసేవారితో పోల్చితే గుండెపోటు ముప్పు 64 శాతం ఎక్కువగా ఉంది. చదువుకునే రోజుల్లో విశ్వవిద్యాలయ జట్టులో ఆడి, తరువాత మానివేసినవారికి ఆ పాత ఆటల వలన రక్షణ నిలువలేదు. విద్యార్థి దశలో క్రీడాకారులు కాకపోయినా తరువాత చురుకైన జీవనం గడిపినవారికి ముప్పు తగ్గింది. పతకాల కంటే కొనసాగింపు ముఖ్యమని ఈ అధ్యయనం తెలుపుతుంది. ఆటలు రానివారు వ్యాయామానికి తగరనే అభిప్రాయం కూడా దీనివలన తప్పని రుజువైంది.

2024 లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రచురితమైన అంచనాల ప్రకారం, భారతదేశంలో 2022 నాటికి వయోజనులలో సుమారు 49 శాతం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. 2000 సంవత్సరంలో ఇది సుమారు 22 శాతం. పురుషులలో 42 శాతం, స్త్రీలలో 57 శాతం మంది ఈ కోవలోకి వస్తారు. మధుమేహం విషయంలో భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే 2023 లో వెలువడగా, దేశంలో సుమారు 10 కోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నట్లు అంచనా వేశారు.

== కావలసిన వ్యాయామ పరిమాణం ==

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 18 నుండి 64 సంవత్సరాల వయస్సువారికి కావలసిన శ్రమ ఈ విధంగా ఉంది:

* వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ (వేగపు నడక, సైకిలు తొక్కడం, తోటపని), లేదా
* వారానికి 75 నుండి 150 నిమిషాల తీవ్ర శ్రమ (పరుగు, చెడుగుడు, ఫుట్‌బాల్, వేగపు ఈత), లేదా ఈ రెండింటి కలయిక
* వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలకు బలం చేకూర్చే కసరత్తు
* కూర్చుని గడిపే సమయాన్ని తగ్గించడం

శ్రమ స్థాయిని గుర్తించడానికి పరికరాలు అవసరం లేదు. మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. ఊపిరి తీసుకోకుండా నాలుగు మాటలకు మించి పలకలేకపోతే అది తీవ్ర శ్రమ. పది నిమిషాలకు తక్కువైన శ్రమ లెక్కకు రాదన్న పాత నియమాన్ని ఈ మార్గదర్శకాలలో తొలగించారు. కావున మెట్లు ఎక్కడం, బస్సు స్టాపు వరకు నడవడం వంటివి కూడా లెక్కలోకి వస్తాయి.

ఉదాహరణకు, బస్సు దిగిన చోటు నుండి కళాశాల ఒక కిలోమీటరు దూరంలో ఉన్నదనుకొంటే, గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడవడానికి 12 నిమిషాలు పడుతుంది. రానుపోను 24 నిమిషాలు. వారంలో ఆరు రోజులకు 144 నిమిషాలు. షేర్ ఆటో ఎక్కకుండా నడిచే విద్యార్థికి కనీస పరిమితిలో దాదాపు మొత్తం ఈ విధంగానే సమకూరుతుంది.

== స్థానిక ఆటలు, కసరత్తులు ==

రాయలసీమలో వ్యాయామ సంప్రదాయం ప్రాచీనమైనది. గ్రామ తిరునాళ్ళలో బరువైన గుండ్లు ఎత్తడం, బండి ఇరుసు ఎత్తడం వంటి బలప్రదర్శన పోటీలు జరుగుతాయి. కుస్తీ, కర్రసాము నేర్పే తాలీంఖానాలు పట్టణాలలో ఉండేవి. చెక్కభజన, కోలాటం భక్తి కళారూపాలైనప్పటికీ, గంటల తరబడి లయబద్ధంగా అడుగులు వేయవలసి ఉన్నందున మంచి వ్యాయామం కూడా. అన్నమాచార్యుని జన్మస్థలమైన తాళ్ళపాక రాజంపేట సమీపంలోనే ఉంది. ఈ ప్రాంతపు గ్రామాలలో భజన బృందాలు నేటికీ కనిపిస్తాయి.

పరికరాలు అవసరం లేని కసరత్తులలో ముఖ్యమైనవి:

* '''దండీలు''': చేతులు, ఛాతీ, భుజాలకు బలం ఇస్తాయి. మొదట్లో చేయలేనివారు గోడకు లేదా బల్లకు చేతులు ఆనించి మొదలుపెట్టవచ్చు.
* '''బస్కీలు''': తొడలు, పిరుదులు, మోకాళ్ళ చుట్టూ ఉన్న కండరాలకు బలం ఇస్తాయి.
* '''సూర్య నమస్కారాలు''': శరీరం వంగే గుణాన్ని పెంచుతాయి. వేగంగా చేసినట్లయితే మధ్యస్థ శ్రమగా పరిగణించవచ్చు.
* '''తాడాట''': తక్కువ స్థలంలో, వసతి గృహం మేడపైన కూడా చేయదగిన తీవ్ర శ్రమ.

తిరుపతిలో చదివే విద్యార్థులు సెలవు రోజుల్లో తిరుమల కొండకు కాలినడకన వెళ్ళడం పరిపాటి. అలిపిరి మార్గంలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో సుమారు 2,388 మెట్లు ఉన్నాయి.

== విశ్వవిద్యాలయాలలో అవకాశాలు ==

మంగంపేట ప్రాంత విద్యార్థులకు అందుబాటులో ఉన్న విశ్వవిద్యాలయాలలో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (1954), శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం (1983), కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం (2006) ముఖ్యమైనవి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తారకరామ స్టేడియం ఉంది. ఇంజనీరింగు కళాశాలలలో అధికభాగం అనంతపురంలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. 2023-24 లో ప్రవేశపెట్టిన పాఠ్య ప్రణాళికలో మొదటి సంవత్సరం ఇంజనీరింగు విద్యార్థులకు ఆరోగ్యం, యోగా, క్రీడలు ఒక క్రెడిట్ అంశంగా చేర్చబడ్డాయి.

ఇతర అవకాశాలు:

* '''ఎన్.సి.సి.''': 1948 లో ప్రారంభమైంది. కవాతు, పరుగు, శిబిరాల ద్వారా క్రమబద్ధమైన శిక్షణ లభిస్తుంది.
* '''ఎన్.ఎస్.ఎస్.''': 1969 సెప్టెంబరు 24 న దేశంలోని 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైంది. సభ్యులు సంవత్సరానికి 120 గంటల చొప్పున రెండేళ్ళు సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో మొక్కలు నాటడం, బాటలు బాగుచేయడం వంటి శ్రమదానం ఉంటుంది.
* '''అంతర విశ్వవిద్యాలయ పోటీలు''': కళాశాల స్థాయి నుండి విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికైనవారు వీటిలో పాల్గొంటారు. 2020 లో భువనేశ్వర్‌లో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు మొదలయ్యాయి.

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున పరుగెత్తిన విశాఖపట్నం క్రీడాకారిణి జ్యోతి యర్రాజి, 2023 లో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో పూర్తిచేసి కాంస్య పతకం పొందింది. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో కూడా పాల్గొన్నది.

== ఉద్యోగ నియామకాల దేహదారుఢ్య పరీక్షలు ==

రాయలసీమలో డిగ్రీ విద్యార్థులు అనేకులు పోలీసు, సైనిక ఉద్యోగాలకు సిద్ధమవుతారు. వ్యవసాయ కూలీల, గని కార్మికుల కుటుంబాల నుండి వచ్చినవారికి ఇవి ఎంతో విలువైన అవకాశాలు. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ నియామకానికి 2022 లో వెలువడిన ప్రకటన ప్రకారం పురుషులు 1600 మీటర్ల పరుగును 8 నిమిషాలలోను, స్త్రీలు 10 నిమిషాల 30 సెకన్లలోను పూర్తి చేయాలి. పురుషుల విషయంలో ఇది గంటకు 12 కిలోమీటర్ల వేగానికి సమానం.

అలవాటు ఉన్న యువకునికి ఇది కష్టసాధ్యం కాదు. కాని సంవత్సరాల తరబడి కదలకుండా కూర్చుని, ప్రకటన వచ్చిన తరువాత కొద్ది వారాలలోనే ఈ వేగం సాధించాలని ప్రయత్నించడం వలన కాలి ఎముకల నొప్పి, మోకాలి నొప్పి, కండరాల చీలిక వంటివి కలుగుతాయి. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలో మెరుగుపడతాయి గాని స్నాయువులు, ఎముకలు బలపడడానికి నెలలు పడుతుంది. మొదటి సంవత్సరం నుండి వారానికి మూడు రోజులు నడక, పరుగు కలిపి సాధన చేసినవారికి ఈ ఇబ్బంది తక్కువ. పరుగు దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా మాత్రమే పెంచాలి.

== ఎండ, ధూళి ==

రాయలసీమలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఈ కాలంలో వ్యాయామానికి సూర్యోదయానికి ముందు వెనుకల సమయం అనుకూలమైనది. సెలవుల తరువాత తిరిగి మొదలుపెట్టేవారు ఎండకు శరీరం అలవాటు పడడానికి ఒకటి నుండి రెండు వారాలు తక్కువ శ్రమతో గడపాలి. చెమట ఎక్కువగా పట్టినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం, రాగి అంబలి నీటిని, లవణాలను భర్తీ చేస్తాయి. తలనొప్పి, వాంతి, తూలిపోవడం కనిపించగానే నీడకు చేర్చాలి. మాట తడబడడం, స్పృహ తప్పడం వడదెబ్బ లక్షణాలు. అటువంటివారిని చల్లని నీటితో తడిపి, విసురుతూ, 108 వాహనాన్ని పిలవాలి. స్పృహ లేనివారికి నోటి ద్వారా నీరు పట్టరాదు.

మంగంపేట పరిసరాలలో ధూళి మరొక సమస్య. ముగ్గురాయి రసాయనికంగా బేరియం సల్ఫేటు. దీని ధూళిని దీర్ఘకాలం పీల్చిన గని, మిల్లు కార్మికుల ఊపిరితిత్తులలో అది పేరుకొని ఎక్స్-రేలో మచ్చలుగా కనిపిస్తుంది. ఈ స్థితి సాధారణంగా ఊపిరితిత్తుల పనితీరును దెబ్బతీయదు. అయితే రాళ్ళ ధూళిలో సిలికా కలిసి ఉన్నప్పుడు అది ప్రమాదకరం. మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 6 నుండి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. తీవ్ర శ్రమలో ఇది పదిరెట్ల వరకు పెరగవచ్చు. కావున లారీలు తిరిగే రోడ్ల వెంబడి, మిల్లుల పక్కన పరుగెత్తడం కంటే తోటల మధ్య బాటలు, పాఠశాల మైదానాలు ఎంచుకోవడం మంచిది. ఉబ్బసం ఉన్నవారు వైద్యుని సలహాతో, మందు దగ్గర ఉంచుకొని వ్యాయామం చేయవచ్చు.

== ఆహారం ==

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో, రోజుకు 2,000 కిలోకాలరీల ఆహారంలో సుమారు 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్డు, మాంసం, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు ఉండాలని సూచించింది. వసతి గృహ భోజనంలో తెల్ల అన్నం అధికంగా, కూరగాయలు, పప్పు తక్కువగా ఉండడం సర్వసాధారణం.

సీమ సంప్రదాయ ఆహారం ఈ లోటును చాలావరకు తీర్చగలదు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. వేరుశనగలో (చెనక్కాయలు) సుమారు నాలుగోవంతు మాంసకృత్తులే. సంగటితో చెనక్కాయల ఊరిబిండి, జొన్నరొట్టెతో పప్పు, ఉలవలు, పెసలు, ఒక గుడ్డు - కసరత్తు చేసే విద్యార్థికి ఇవి తక్కువ ఖర్చుతో లభించే బలవర్ధక ఆహారం. కోడూరు ప్రాంతంలో మామిడి, అరటి, బొప్పాయి విరివిగా దొరుకుతాయి. కండలు పెంచడానికి మాంసకృత్తుల పొడులు వాడవద్దని ఈ మార్గదర్శకాలే సూచించాయి. స్టెరాయిడ్ మందులు గుండెకు, కాలేయానికి, సంతానోత్పత్తి శక్తికి హాని చేస్తాయి.

== విద్యార్థినుల సమస్యలు ==

వసతి గృహాల సమయపాలన, మైదానాలలో వెలుతురు లేకపోవడం, ఇరుగుపొరుగువారి వ్యాఖ్యలు మొదలైన కారణాల వలన విద్యార్థినులకు వ్యాయామ అవకాశాలు తక్కువగా ఉంటాయి. రోజూ ఇంటికి వచ్చేవారికి ఇంటిపని అదనం. బృందంగా నడవడం, వసతి గృహ ఆవరణలోనే బాల్ బ్యాడ్మింటన్, త్రోబాల్, తాడాట ఏర్పాటు చేసుకోవడం ఆచరణలో ఉన్న పరిష్కారాలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 సంవత్సరాల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కొద్దిపాటి పరుగుకే ఆయాసం, కళ్ళు తిరగడం కలిగితే దానిని బద్ధకంగా భావించక రక్తపరీక్ష చేయించుకోవాలి. ఋతు సమయంలో వ్యాయామం చేయరాదన్న నమ్మకానికి వైద్యపరమైన ఆధారం లేదు. తేలికపాటి కదలిక నొప్పిని తగ్గించగలదు.

== నిద్ర, మానసిక ఆరోగ్యం ==

వయోజనులకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరం. పరీక్షల సమయంలో విద్యార్థులు మొదట వ్యాయామాన్ని, తరువాత నిద్రను మానుకుంటారు. చదివిన విషయం జ్ఞాపకంలో స్థిరపడడానికి నిద్ర తోడ్పడుతుంది కాబట్టి దీనివలన ప్రయోజనం కంటే నష్టమే ఎక్కువ. రోజుకు ఇరవై నిమిషాల నడకైనా ఆందోళనను తగ్గిస్తుంది. తీవ్రమైన దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కలిగినప్పుడు వ్యాయామం చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. 2022 అక్టోబరు 10 న ప్రారంభమైన టెలి-మానస్ సేవను 14416 నెంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే పొందవచ్చు.

== నమూనా వారపు ప్రణాళిక ==

ఖర్చు లేకుండా, పరికరాలు లేకుండా ఆచరించదగిన ప్రణాళిక:

* '''సోమ, బుధ, శుక్ర వారాలు''': 30 నిమిషాల వేగపు నడక, లేదా నడక-పరుగు
* '''మంగళ, గురు వారాలు''': 20 నిమిషాలు దండీలు, బస్కీలు, సూర్య నమస్కారాలు
* '''శనివారం''': గంటసేపు వాలీబాల్, ఖోఖో, చెడుగుడు వంటి ఆట
* '''ఆదివారం''': విశ్రాంతి, లేదా ఇంటివద్ద తోటపని
* '''ప్రతిరోజు''': చదువు మధ్య గంటకొకసారి లేచి రెండు మూడు నిమిషాలు నడవడం

నడక, ఆట కలిపి ఇందులో 150 నిమిషాలు, కండరాల కసరత్తు రెండు రోజులు పూర్తవుతాయి.

== జాగ్రత్తలు ==

* తీవ్ర శ్రమకు ముందు ఐదు పది నిమిషాలు నెమ్మదిగా నడవడం, కీళ్ళు కదిలించడం అవసరం.
* శ్రమలో ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం కలిగినా, కుటుంబంలో చిన్న వయసులో ఆకస్మిక మరణాలు సంభవించి ఉన్నా ముందుగా వైద్యుని సంప్రదించాలి.
* జ్వరం ఉన్నప్పుడు, తగ్గిన మొదటి రోజుల్లో తీవ్ర వ్యాయామం చేయరాదు.
* తెల్లవారుజామున రోడ్డుపై నడిచేవారు ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేటట్లు కుడివైపున, లేత రంగు దుస్తులతో నడవాలి.
* అపరిచితమైన చెరువులు, నీరు నిండిన పాత గని గోతులలో ఈతకు దిగరాదు.

== ఇవి కూడా చూడండి ==

* వ్యాయామం
* మంగంపేట
* యోగా
* కబడ్డీ
* యోగి వేమన విశ్వవిద్యాలయం
* జాతీయ సేవా పథకం

వర్గం: ఆరోగ్యం
వర్గం: వ్యాయామం
వర్గం: రాయలసీమ